ముప్పై ఎనిమిదో ప్రశ్న

కృష్ణమోహన్ ఇంట్లో బీరువా వెనకాల ఒక నేమ్‌ప్లేటు ఉంది. నల్లరాయి మీద బంగారు రంగు అక్షరాలతో "డా. ఎం. కృష్ణమోహన్" అని చెక్కించి ఆరేళ్లయింది. డాక్టరేటు మాత్రం ఇంకా రాలేదు. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్న సామెత ఎవరి కోసం పుట్టిందో ఆయనకు బాగా తెలుసు. ఆ రాయి చెక్కిన మనిషి కొట్టు వరంగల్ స్టేషన్ బయటే ఉంది. కనబడినప్పుడల్లా "గోడకు పెట్టినవా సారు?" అని అడుగుతాడు. అందుకే కృష్ణమోహన్ రోజూ రైలు చివరి పెట్టెలో ఎక్కి, అటు పక్క దారిన బయటపడతాడు.

స్టేషన్ ఘన్‌పూర్ నుంచి పొద్దున్నే బయలుదేరి వచ్చి, వరంగల్‌లో నేతవాళ్లుండే వాడలో ఒక చిన్న శాఖా గ్రంథాలయం తలుపులు తీయడం ఆయన ఉద్యోగం. తొమ్మిదేళ్లుగా సాగుతున్న పరిశోధన ఆయన జబ్బు. అంశం పేరు "గ్రంథాలయ పాఠకుల ప్రభుత్వ సమాచార అవసరాలు". గైడు శ్యాంసుందర్ గారు ఈసారి కళ్లజోడు తీసి మరీ చెప్పారు: "ఇదే ఆఖరి పొడిగింపు. రెండు వందల మందిని అడిగి ఫారాలు నింపించు. పట్టికలు వేసుకుని నెలాఖరు సోమవారం పదకొండింటికి నా గదిలో ఉండు. ఆ రోజు దాటితే నువ్వూ మరిచిపో, నేనూ మరిచిపోతా."

ఫారం మాత్రం ఆయన ప్రాణం పెట్టి తయారుచేశాడు. ఆరు పేజీలు, నలభై రెండు ప్రశ్నలు. "మీరు ప్రభుత్వ సమాచారాన్ని ఏ పౌనఃపున్యంతో అన్వేషిస్తారు?" అన్న ప్రశ్న రాసిన రోజు తనకు తానే భుజం తట్టుకున్నాడు. మొదటి పేజీలో తండ్రి లేక భర్త పేరు, ఇంటి నంబరు, చివర సంతకం లేక వేలిముద్ర అని కూడా పెట్టాడు. అన్ని ఫారాల్లో ఉంటాయి కదా అని పెట్టాడు, అంతే.

గ్రంథాలయానికి రోజూ వచ్చేవాళ్లు పదిహేడు మంది. అందులో పేపరు కోసం వచ్చే రిటైరైన పెద్దమనుషులు ఎనిమిది మంది ఫారం చేత్తో తూచి చూసి పక్కన పెట్టేశారు. ఒకాయన పౌనఃపున్యం దగ్గర ఆగి, "ఇది లెక్కల ప్రశ్నా, తెలుగు ప్రశ్నా?" అని అడిగాడు. పోటీ పరీక్షలకు చదివే కుర్రాళ్లు మాత్రం నింపారు. ఒకడు రాసింది చూసి ఆరుగురు రాశారు. ఏడుగురి వయసూ ఇరవై నాలుగే, ఏడుగురికీ తండ్రి ఒక్కడే. పదకొండు రోజుల్లో చేతికొచ్చినవి తొమ్మిది ఫారాలు.

దిగులుపడి అటెండరు సదానందాన్ని పిలిచాడు. సదానందం ఆ వాడలోనే పుట్టి పెరిగినవాడు, కృష్ణమోహన్ కన్నా పదేళ్లు పెద్ద. "సదన్నా, జర నలుగురికి చెప్పరాదే. రెండు వందల మంది గావాలె నాకు."

"గంతేనా సారు? ఫికర్ చెయ్యకు," అన్నాడు సదానందం. సాయంత్రం చాయ్ హోటల్ ముందు నిలబడి ఒకే ఒక్క మాట అన్నాడట: "సర్కారు ఫారాలు లైబ్రరీకొచ్చినయ్. నింపుతాన్రు."

మర్నాడు పదో తారీకు. కృష్ణమోహన్ వచ్చేసరికి గ్రంథాలయం మెట్ల నుంచి సందు మలుపు దాకా లైను. జంపఖానాలు నేసే వాళ్లు, కండెలు చుట్టే వాళ్లు, బీడీలు చేసే ఆడవాళ్లు. ఒక్కొక్కరి చేతిలో ప్లాస్టిక్ సంచి, సంచిలో ఆధార్ జిరాక్సు, రేషన్ కార్డు జిరాక్సు, రెండు ఫొటోలు. పుస్తకాల గదిలో ఇంతమంది జనాన్ని చూడడం ఆయనకు ఉద్యోగం మొత్తంలో అదే మొదలు. చూడగానే సంగతి అర్థమైంది. అర్థం కాలేదని తరువాత తనను తాను నమ్మించుకోవడానికి చాలా కష్టపడ్డాడు కానీ కుదరలేదు.

చెప్పాడు. ఇది దరఖాస్తు కాదని చెప్పాడు. ఒకసారి చెప్పాడు. అది కూడా, "ఇది కేవలం అధ్యయన ప్రయోజనాలకై ఉద్దేశించబడినది" అని చెప్పాడు. ముందున్న పెద్దాయన "మంచిది బిడ్డా, ఏదైతేంది," అని ఫారం అందుకున్నాడు. ఇంకోసారి, అర్థమయ్యే మాటల్లో చెబితే లైను కరిగిపోతుంది. కరిగిపోతే నేమ్‌ప్లేటు బీరువా వెనకాలే ఉంటుంది. కృష్ణమోహన్ కుర్చీ ముందుకు లాక్కున్నాడు.

చాలామందికి రాయడం రాదు కాబట్టి ఆయనే అడుగుతూ నింపాడు. ఇరవయ్యో మనిషిగా అనసూర్య వచ్చి కూర్చుంది. డెబ్బైకి దగ్గర పడిన మనిషి. భర్త పోయి పన్నెండేళ్లు, మనుమరాలితో ఉంటుంది. తాను మగ్గం మీద కూర్చుని నలభై ఏళ్లు జంపఖానాలు నేసింది.

"పింఛను బందైంది బిడ్డా. మూడు నెల్లాయె. మిషన్ల వేలు పెడ్తే నా ముద్ర పడుతలేదు," అని రెండు చేతులూ బల్ల మీద పెట్టి చూపించింది. నూలు ఒరిసి ఒరిసి వేళ్ల కొసలు నున్నగా అరిగిపోయి ఉన్నాయి. "చేతులున్నయ్, గీతలు లేవు. గీతలు లేకపోతె మనిషి లేనట్టేనట."

కృష్ణమోహన్ అయ్యో అన్నాడు. నిజంగానే అన్నాడు. అని ముప్పై ఎనిమిదో ప్రశ్నకు వెళ్లాడు. "అవ్వా, మీకు ప్రభుత్వ సమాచారం ఏ రూపంలో కావాలి? ముద్రిత రూపమా, ఎలక్ట్రానిక్ రూపమా, దృశ్య శ్రవణ రూపమా?"

"గదేంది?"

"అంటే కాయితం మీదనా, ఫోన్లనా, టీవీలనా అని."

అనసూర్య కాసేపు ఆలోచించింది. ఆ రోజు ఆయన ప్రశ్నల్లో దేని గురించైనా ఆలోచించిన మనిషి ఆమె ఒక్కతే. "కాయితం సదవరాదు. ఫోను పోరి సేతుల ఉంటది. మనిషి చెప్పాలె బిడ్డా. జర దగ్గర కూసోని చెప్పాలె. గప్పుడు సమజైతది."

ముద్రితం ఒకటి, ఎలక్ట్రానిక్ రెండు, దృశ్య శ్రవణం మూడు. ఇది వాటిలో ఏదీ కాదు. కృష్ణమోహన్ గడిలో నాలుగు వేశాడు. నాలుగు అంటే ఇతరములు.

ఆమె లేవలేదు. "రశీదు?"

లైనులో ముందు వెళ్లిన పంతొమ్మిది మందీ అదే అడిగారు, వాళ్లకు రేపు అన్నాడు. ఈమెతో ఆ మాట అనబుద్ధి కాలేదు. చిరిగిపోయి తీసేసిన పుస్తకాల జేబుల్లోని పాత కార్డులు సొరుగు నిండా ఉన్నాయి. ఒకటి తీసి, వెనక ఆమె పేరూ ఆ రోజు తేదీ రాశాడు. చేతికి అందిన స్టాంపు ఒకటే. పాఠకులకు పుస్తకం ఇచ్చేటప్పుడు పద్నాలుగు రోజుల తరువాతి తేదీ వేసే గడువు స్టాంపు. ఠపీమని కొట్టాడు. ఇరవై నాలుగో తారీకు ఊదా రంగులో పడింది. ఆ చప్పుడు విని లైనంతా కదిలింది, వెళ్లిపోయిన పంతొమ్మిది మందీ తిరిగి వచ్చారు. మూడు రోజులు స్టాంపు ఆగలేదు. తేదీ చక్రం తిప్పాలన్న ధ్యాస కూడా ఆయనకు లేకపోయింది, అందరికీ ఇరవై నాలుగే.

రెండు వందల పన్నెండు ఫారాలు. ఫారాలతో పాటు వాళ్లిచ్చిన జిరాక్సులన్నీ విడిగా కట్టగట్టి అటక మీద పెట్టించాడు. వారం పాటు లాప్‌టాప్ ముందు కూర్చుని పట్టికలు వేశాడు. ముప్పై ఎనిమిదో ప్రశ్న దగ్గర ఇతరములు నూట ముప్పై ఎనిమిది వచ్చింది. శ్యాంసుందర్ గారికి ఫోన్ చేశాడు.

"ఇతరములు అంత రాకూడదయ్యా. ప్రశ్నలో లోపం ఉన్నట్టు. ఆ ప్రశ్న తీసెయ్, గొడవ వదిలిపోతుంది," అన్నారు గైడు.

"తీసేస్తా సార్," అన్నాడు కృష్ణమోహన్. అంత సులువుగా ఆయన ఎప్పుడూ ఏదీ ఒప్పుకోలేదు.

ఇరవై నాలుగో తారీకు పొద్దున రైలు దిగి వచ్చి చూస్తే మెట్ల మీద మళ్లీ లైను. చేతుల్లో ఈసారి సంచులు లేవు, కార్డులున్నాయి.

"ఏంది సదన్నా గిది?"

"నువ్వే కదా సారు తారీకేసింది. గీనాడు రమ్మన్నవట," అన్నాడు సదానందం, తాళం చేతికిస్తూ.

ఇక దాచడానికి లేదు. బల్ల ఎక్కినంత పని చేసి, మామూలు మాటల్లో చెప్పాడు. ఇది దరఖాస్తు కాదు, నా చదువు కోసం అడిగిన ప్రశ్నలు, ఇళ్లు రావు, పింఛన్లు రావు అన్నాడు. జనం తిడతారని చూశాడు. ఇద్దరు ముగ్గురు తిట్టారు కూడా. మిగతావాళ్లు కార్డులు జేబుల్లో పెట్టుకుని, "ఎన్ని సూడలే గిసొంటియి," అనుకుంటూ పోయారు. తిట్టినవాళ్లే నయమనిపించింది ఆయనకు.

అనసూర్య మాత్రం బెంచీ మీద కూర్చునే ఉంది. "గట్లయితె నా పింఛను?"

"వార్డు ఆఫీసుల ఇయ్యాలె అవ్వా. వేలిముద్ర పడనోళ్లకు ముఖం ఫొటో తీసి మళ్ల పేరు ఎక్కిస్తాన్రట," అన్నాడు, పేపర్లో చూసింది గుర్తు చేసుకుని.

"గా క్యాంపు ఇరవైకే అయిపోయె బిడ్డా. పక్కింటి రాజలింగు పోయిండు, ఆయనకు అయింది. నన్ను గూడ రమ్మన్నడు. నేనే పోలే."

"ఎందుకు పోలే?"

ఆమె ఆయనను వింతగా చూసింది. "నీకిచ్చిన గద. స్టాంపు గుద్దినవ్ గద. రెండు దిక్కుల ఇస్తె రెండూ కొట్టేస్తరని ఎవలకు ఎరుక లేదు?"

కృష్ణమోహన్ ముందుగా సదానందం మీద కోపం తెచ్చుకుందామని చూశాడు, రాలేదు. తరువాత, ఆమెను ఫలానా ఆఫీసుకు వెళ్లమని చెప్పి పంపిద్దామనుకున్నాడు. ఏ ఆఫీసు? క్యాంపు అయిపోయిన తరువాత ఎవరిని కలవాలి? తొమ్మిదేళ్లుగా ప్రభుత్వ సమాచారం మీద పరిశోధన చేస్తున్న మనిషికి ఆ సంగతి తెలియదు. గోడ మీద గ్రంథాలయ వారోత్సవాల పోస్టరు తప్ప ఆ గదిలో చూసి తెలుసుకోవడానికి కూడా ఇంకేమీ లేదు.

"లే అవ్వా, పోదాం," అన్నాడు.

వార్డు ఆఫీసులో క్యాంపు బల్లలు కూడా తీసేశారు. అక్కడున్నతను జాబితా పైకి పోయిందన్నాడు. ఇక మళ్లీ ఎప్పుడో తెలియదు, సోమవారం కలెక్టరేట్‌లో ప్రజావాణికి పోయి అర్జీ ఇచ్చుకోండి, కానీ గడువులోగా ఎందుకు రాలేదో అడుగుతారు, కారణం ఉంటేనే తీసుకుంటారు అన్నాడు.

సోమవారం అంటే నెలాఖరు సోమవారం. పదకొండింటికి శ్యాంసుందర్ గారి గదిలో ఉండాల్సిన సోమవారం. కృష్ణమోహన్ ఆదివారమంతా ఇంట్లో ఆ గోడ నుంచి ఈ గోడకు నడిచాడు. ముందు ప్రజావాణికి పోయి, పని చూసుకుని, పదకొండుకల్లా యూనివర్సిటీలో ఉండవచ్చని లెక్క వేశాడు. సర్కారు ఆఫీసులో పని గంటలో అవుతుందనుకోవడం ఆయన పట్టికలన్నిటికన్నా పెద్ద తప్పుడు లెక్క.

పదిన్నరకు వాళ్ల ముందు ఇంకా అరవై మంది ఉన్నారు. అనసూర్య ఉతికిన చీర కట్టుకుని, కార్డును చేతిరుమాలులో చుట్టి తెచ్చింది. దూరపు ఊరి నుంచి వచ్చిన ఒక ముసలాయన ఏ లైనులో నిలబడాలో తెలియక కృష్ణమోహన్‌ను అడిగాడు. తనకూ తెలియదని ఆయన నిజం చెప్పాడు. ఇద్దరూ వెళ్లి కనుక్కున్నారు.

పదకొండూ పదికి ఫోన్ మోగింది.

"ఎక్కడున్నావయ్యా?" అన్నారు శ్యాంసుందర్ గారు.

"సమాచార అవసరాల దగ్గరే ఉన్న సార్."

"వేళాకోళమా?"

"కాదు సార్. లైన్ల ఉన్న. నాకు ఇయ్యాల వచ్చుడు కాదు."

"మరి నీ ఇష్టం," అని ఫోన్ పెట్టేశారు. తొమ్మిదేళ్లు రెండు మాటల్లో అయిపోయాయి. కృష్ణమోహన్ ఏడుపు వస్తుందేమో అనుకున్నాడు. నేమ్‌ప్లేటు రాయిని వెనక్కి తిప్పితే పచ్చడి నూరుకోవడానికి పనికొస్తుందా అన్న ఆలోచన వచ్చి, లైనులోనే నవ్వాడు. తరువాత కళ్లు తుడుచుకున్నాడు.

ఒంటిగంటకు వాళ్ల వంతు వచ్చింది. బల్ల వెనక నడివయసు ఆఫీసరమ్మ అర్జీ చదివి తల ఎత్తింది. "క్యాంపుకు ఎందుకు రాలేదమ్మా? పది రోజులు పెట్టాం కదా."

అనసూర్య చేతిరుమాలు విప్పి కార్డు బల్ల మీద పెట్టింది. ఆఫీసరమ్మ దాన్ని దగ్గరగా పెట్టుకుని పైకి చదివింది: "'ఈ తేదీలోగా పుస్తకం తిరిగి ఇవ్వవలెను.' ఏ పుస్తకం అమ్మా?"

వెనక ఎవరో నవ్వారు. అనసూర్య బెదిరింది. "నాకు ఎరుక లేదు మేడం. నా కాయితాలు తీస్కోని గిదిచ్చిన్రు."

"ఎవరిచ్చారు? ఎవరికి ఇచ్చావు కాగితాలు?"

కృష్ణమోహన్ ఆమె పక్కనే నిలబడి ఉన్నాడు. ఉద్యోగం గుర్తొచ్చింది. ప్రభుత్వ గ్రంథాలయం ముద్రతో చెల్లని రశీదులు ఇచ్చిన మనిషికి ఏమవుతుందో ఆయన పట్టికల్లో లేదు కానీ ఊహించగలడు. అనసూర్య ఒకసారి ఆయన వైపు చూసింది. పోయిన ఏడు తమ సందులో ఎవరి పెళ్లి ఎన్నో తారీకు జరిగిందో అన్నీ యాది పెట్టుకునే మనిషి, తల దించుకుని అంది: "ఎవలో మేడం. ముసల్దాన్ని, యాదికి లేదు."

ఆ మాట ఆయనకు చెంపదెబ్బ కన్నా గట్టిగా తగిలింది.

"నేనే మేడం," అన్నాడు. "గ్రంథపాలకుణ్ని. నా చదువు కోసం ప్రశ్నల ఫారాలు నింపించిన. వీళ్లు దరఖాస్తులనుకున్నరు. అనుకుంటున్నరని నాకు తెలుసు. చెప్పలేదు. ఈ అవ్వ పదో తారీకే తన కాగితాలన్నీ నాకిచ్చింది. గడువు తప్పింది ఆమె కాదు, నేను."

ఆఫీసరమ్మ తిట్టకపోవడం ఇంకా కష్టంగా ఉంది. ఆమె ఒక తెల్లకాగితం ముందుకు జరిపింది. "ఇప్పుడన్నదంతా రాసి, పేరు, హోదా పెట్టి సంతకం చేయండి. పదో తారీకున అందినట్టుగా దీన్ని పంపిస్తాను. మీ సంగతి మీ పైవాళ్లు చూసుకుంటారు."

నిలబడే రాశాడు. ఎనిమిది వాక్యాలు. తొమ్మిదేళ్లలో ఆయన కొట్టివేతలు లేకుండా రాసిన పేజీ అదొక్కటే. కింద కృష్ణమోహన్ అని సంతకం చేశాడు, ముందు ఏ పొడి అక్షరమూ పెట్టలేదు.

మర్నాడు గ్రంథాలయంలో కూర్చుని రెండు వందల పన్నెండు ఫారాలూ మళ్లీ తీశాడు. నాలుగు వేసిన నూట ముప్పై ఎనిమిది వేరు చేశాడు. ఒక్కొక్కరూ ఆ రోజు ఏం చెప్పారో చూద్దామనుకున్నాడు. చూడడానికి ఏమీ లేదు. గడిలో నాలుగు ఉంది, అంతే. ఆ మనుషులు నోరు తెరిచి చెప్పిన మాట ఆయన ఎక్కడా రాసుకోలేదు.

"సదన్నా, నువ్వు పక్కనే ఉంటివి గద. ఏమన్నరో ఏమన్న యాదికున్నదా?"

సదానందం చీపురు పక్కన పెట్టాడు. "అందరు ఒక్కటే చెప్పిరి గద సారు. మనిషి చెప్పాలె అనిరి. నువ్వేమో నాలుగు, నాలుగు అని ఏసుకుంట పోతివి."

అటక మీది జిరాక్సులు దించి, ఇద్దరూ ఇంటింటికీ తిరిగి ఇచ్చి వచ్చారు. వారం తిరిగేలోగా గడువు స్టాంపును గ్రంథాలయేతర పనులకు వాడినందుకు సంజాయిషీ అడుగుతూ మెమో వచ్చింది. కృష్ణమోహన్ దాన్ని సొరుగులో, స్టాంపు పక్కనే పెట్టాడు.

నెలన్నర తరువాత ఒక మధ్యాహ్నం అనసూర్య వచ్చింది. వెంట ఇంకొకామె ఉంది.

"పడ్డయ్ బిడ్డా పైసలు," అని, చేతిరుమాలు విప్పి కార్డు బల్ల మీద పెట్టింది. "గా మేడం మళ్ల నాకే ఇచ్చింది. నా పనైంది. తారీకు దాటినంక ఉంచుకోవద్దట గద, పోరి సదివి చెప్పింది. ఇంకెవలికన్న అక్కరుంటె ఇయ్యి. గీ కట్టమ్మకు గూడ వేలు పడుతలేదు."

కృష్ణమోహన్ కార్డు తీసుకున్నాడు. స్టాంపు ముట్టుకోలేదు. కుర్చీ బల్ల వెనక నుంచి తెచ్చి కట్టమ్మ దగ్గరగా వేసుకుని కూర్చున్నాడు. సోమవారం పది కాకముందే పోవాలన్నాడు. ఏ గేటు, ఏ లైను, ఎన్ని జిరాక్సులు, ముందు ఎవరి దగ్గర నంబరు రాయించుకోవాలి, ఏమడుగుతారు, ఏం చెప్పాలి, అన్నీ చెప్పాడు. రెండోసారి కూడా చెప్పాడు. ఇవన్నీ ఏ పుస్తకంలోనూ లేవు, ఒక సోమవారం లైనులో నిలబడితే తెలిసినవి. కట్టమ్మ ప్రతి మాటకూ తలూపింది, కానీ లేవలేదు.

"ఇంకేమన్న అడిగేది ఉన్నదా అవ్వా?"

"అంత మంచిగనే చెప్పినవ్ బిడ్డా. మరి నువ్వు గూడ వస్తవా?"

నలభై రెండు ప్రశ్నలు రాసిన మనిషికి ఈ ప్రశ్న తట్టలేదు. కృష్ణమోహన్ సొరుగు వైపు చూశాడు, గోడ మీద కాలెండరు వైపు చూశాడు. ఆ నెలలో ఇంకా రెండు సెలవులు మిగిలి ఉన్నాయి.

"వస్త," అన్నాడు.

అనసూర్య కట్టమ్మ భుజం మీద చెయ్యి వేసింది. "నేను చెప్పలే? అడుగుతె వస్తడు. అడుగకపోతె ఫారాలు నింపుకుంట కూసుంటడు."